నైన్, నైస్, నైట్ అన్నీ 'నై' అవుతుంటే ముందు ఏం నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. థాయ్‌లాండ్‌లోని నఖోన్ పథోమ్‌లో ఒక స్కూల్లో మత్థయోమ్ ఒకటి, రెండు తరగతులకి, అంటే మన ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నారు. రాతలో బాగానే ఉన్నారు, నోరు తెరిస్తే మాత్రం నైన్, నైస్, నైట్ మూడూ ఒకటే 'నై'లా వినిపిస్తున్నాయి. మూడు నెలలుగా రోజూ థింక్, మదర్, రైస్, లైస్ అంటూ ప్రాక్టీస్ చేయిస్తున్నా మార్పు లేదు. తోటి టీచర్లేమో వీళ్ళకి నోరు తిరగదు, వదిలేయమంటున్నారు. పైగా నేనే తెలుగుదాన్ని, నా ఉచ్చారణే అంతంతమాత్రం, నేనేం నేర్పుతాను అని మీకు టెన్షన్.

నేను పన్నెండేళ్ళుగా ఇక్కడే చెప్తున్నాను, మొదట ఛొన్‌బురీలో, ఇప్పుడు బ్యాంకాక్‌లో. నోరు తిరగదన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. ఒకే అక్షరాన్ని గొంతు ఎత్తి దించి ఐదు స్వరాల్లో పలికి ఐదు అర్థాలు తెచ్చే పిల్లలు వాళ్ళు. మనకి చాలాసార్లు వినబడను కూడా వినబడని తేడాలు పుట్టినప్పటినుంచీ పలుకుతున్నారు. లోపం నోటిలో లేదండీ, మీరు పట్టుకున్న వరుసలో ఉంది. 'థ్' అన్నిటికంటే చివర చేయాల్సిన పని, మీరు దానితో మొదలుపెట్టారు. మొదలుపెట్టాల్సింది పదం చివర.

థాయ్‌లో ఒక అక్షరం (సిలబుల్) హల్లుతో ముగియాలంటే ప్, త్, క్, మ్, న్, ఙ్, ఈ ఆరే దారులు, వాటికి తోడు య్, వ్ లాంటి రెండు జారుడు శబ్దాలు. అంతకుమించి లేవు. ప్, త్, క్‌లని కూడా గాలి బయటికి వదలకుండా లోపలే ఆపేస్తారు. వేరే భాషలోంచి ఏ పదం వచ్చినా చివరి శబ్దం ఈ దారుల్లో ఒకదాంట్లోకి వెళ్ళాల్సిందే. ల్, ర్ రెండూ న్ అవుతాయి. స్, జ్, చ్, ష్ అన్నీ త్ అవుతాయి. అందుకే హోటల్లో బిల్లు అడగాలంటే 'చెక్ బిన్' అంటారు, సెంట్రల్ అనే పెద్ద షాపింగ్ మాల్‌ని 'సెన్తన్' అంటారు.

ఇక్కడ తెలుగువాళ్ళుగా మనకి ఇంగ్లండు నుంచి వచ్చిన టీచరుకి లేని ఒక సాయం ఉంది. థాయ్ నిండా సంస్కృతం, పాళీ మాటలే, వాటి అసలు రూపం మనకి తెలుసు. మీరుండే ఊరి పేరే చూడండి, నగర ప్రథమ. 'నగర' అన్న మాట 'నఖోన్' అయింది, అంటే చివరి ర న్ అయింది. రాజ 'రాత్' అయింది. జల 'ఛొన్' అయింది, నేను మొదట పనిచేసిన ఛొన్‌బురీ జలపురి అన్నమాట. అక్షర 'అక్సోన్', ఫల 'ఫొన్'. మీరు దిగిన విమానాశ్రయం సువర్ణభూమి, వాళ్ళ నోట అది 'సువన్నఫూమ్', చివరి ఇకారమే లేదు. (నేనిక్కడ థాయ్ మాటల్లో ఫ అని రాసిన ప్రతిచోటా ఫలంలోని అసలు ఫ అనుకోండి, ఫ్యానులోది కాదు.) 1946 నుంచి 2016 వరకు డెబ్బై ఏళ్ళు రాజుగా ఉన్న తొమ్మిదో రామ పేరు అక్షరాల్లో భూమిబల అతుల్యతేజ, జనం గౌరవంగా పలికేది 'ఫూమిఫొన్ అదున్యదేత్' అని. బల 'ఫొన్', తుల్య 'దున్య', తేజ 'దేత్'. ఒక్క పేరులోనే ల్ న్‌గా, జ్ త్‌గా మారడం కనిపిస్తుంది. కాబట్టి మీ పిల్లలు 'బిల్' ని 'బిన్' అంటే అది తప్పు కాదు, వందల ఏళ్ళుగా ఆ భాష ప్రతి పరాయి మాటకీ చేస్తున్న పనే ఇంగ్లీషుకీ చేస్తోంది. ఈ సంగతి తెలిస్తే మీకు పిల్లల మీద విసుగు రాదు. ఏ మాట ఏమవుతుందో ముందే ఊహించగలుగుతారు కూడా.

ఇక మీ 'నై' సంగతి. దీనికి ఇంకో నియమం కూడా తోడైంది, చాలామంది టీచర్లు ఏళ్ళు గడిచినా దీన్ని గమనించరు. థాయ్‌లో 'ఐ', 'ఔ' లాంటి అచ్చుల తర్వాత అదే అక్షరంలో ఇంకో హల్లు పట్టదు, ఎందుకంటే ఆ య్, వ్‌లనే చివరి హల్లుగా లెక్కపెడతారు, తలుపు అక్కడే మూసుకుపోతుంది. అందుకని నైన్, నైస్, నైట్, నైఫ్ నాలుగూ 'నై'. వైన్ 'వై', లైక్ 'లై', ఇక్కడ అందరి ఫోన్లలో ఉండే, మెసేజ్‌లు పంపుకునే లైన్ యాప్ కూడా 'లై', ఆన్‌లైన్ 'ఓన్‌లై', హౌస్ 'హావ్'. ఇప్పుడు చూడండి, మీరు రైస్, లైస్ అని ఆర్, ఎల్ తేడా కోసం పిల్లలతో చెప్పించారు, వాళ్ళ కష్టమంతా చివరి స్ దగ్గర ఉంటే మీరు మొదటి శబ్దాన్ని దిద్దుతూ వచ్చారు.

దీనికి థాయ్ లిపి కూడా కొంత కారణం. అక్షరం నెత్తిన చిన్న మెలిక లాంటి గుర్తు పెడతారు, మామూలు వాడుకలో కారన్ అంటారు దాన్ని. అది ఉన్న అక్షరం రాతలో ఉంటుంది, పలకరు. సంస్కృత పదాల స్పెల్లింగ్ పోకుండా కాపాడుకోవడానికి వాడే గుర్తు అది, చంద్ర అన్న మాట 'చన్' అయినా రాతలో ద, ర అలాగే ఉంటాయి. ఇంగ్లీషు మాటలకీ అదే వాడారు, ఐస్‌లో స్ మీద, గోల్ఫ్‌లో ల్ మీద, వైన్‌లో న్ మీద. పిల్లలు పాఠ్యపుస్తకంలో ప్రతి ఇంగ్లీషు మాట పైన పెన్సిల్‌తో థాయ్ లిపిలో ఉచ్చారణ రాసుకుంటారు, మీరు చూసే ఉంటారు. ఆ క్షణమే ఆ శబ్దం పోయినట్టు. తిట్టకుండా ఆ అలవాటు మాన్పించండి. కొత్త మాట ముందు మూడునాలుగు సార్లు విననివ్వండి, పలకనివ్వండి, ఆ తర్వాతే బోర్డు మీద రాయండి. నా క్లాసుల్లో ఈ ఒక్క మార్పుకి వచ్చిన ఫలితం ఏ డ్రిల్లుకీ రాలేదు.

ముందు చెవి, తర్వాత నోరు. మొదటి వారం పిల్లల్ని ఏమీ పలకమనకండి. నైన్‌కి ఒక వేలు, నైస్‌కి రెండు, నైట్‌కి మూడు, నైఫ్‌కి నాలుగు అని చెప్పి మీరు పలకండి, వాళ్ళు వేళ్ళు చూపించాలి. మొదటిరోజు సగం మంది పక్కవాళ్ళ వేళ్ళు చూసి పెడతారు, అందుకని కళ్ళు మూసుకోమనండి. వినపడని తేడాని పలకమని అడగడం న్యాయం కాదు.

తర్వాత పేర్లు. మీ క్లాసులో హాజరు పట్టీలో ఉండే పొడుగాటి పేర్లని ఎవరూ వాడరు, అందరికీ ఛ్యూ లెన్ ఉంటుంది, అంటే ఆటపేరు, మన ముద్దుపేరు లాంటిది. వాటిలో ఎన్నో ఇంగ్లీషు మాటలే, గోల్ఫ్, బాల్, బ్యాంక్, ఐస్, ఫస్ట్, ఎర్త్, బెంజ్, గిఫ్ట్. గోల్ఫ్‌ని చాలామంది 'కొప్' అంటారు, బాల్ 'బోన్', ఐస్ 'ఐ'. ఫస్ట్, ఎర్త్ రెండూ ఒకేలా త్ దగ్గర తెగిపోతాయి. ప్రతి పిల్లాడి దగ్గరా తనదైన ఒక కష్టమైన మాట, రోజూ వందసార్లు వినే మాట ఉన్నట్టే కదా.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. రెండో ఏడాదిలో అనుకుంటాను, ఐస్ అనే కుర్రాడిని లేపి, నీ పేరు 'ఐ' కాదు 'ఐస్', సరిగ్గా చెప్పు అని అందరి ముందూ మూడుసార్లు చెప్పించాను. పిల్లలు నవ్వారు. వాడు ఆ తర్వాత రెండు వారాలు నా క్లాసులో నోరు విప్పలేదు. వాళ్ళమ్మ పెట్టిన పేరు 'ఐ', అది థాయ్ పేరు, దాన్ని దిద్దే హక్కు నాకు లేదు. ఇక్కడ పరువు పోవడాన్ని 'సియా నా' అంటారు, ముఖం పోవడం అని. నలుగురిలో అది జరిగితే పిల్లలు ఎదురు తిరగరు, మౌనంగా మూసుకుపోతారు. తర్వాత వాడి దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. అప్పుడే ఒక మాట తట్టింది. ఐస్‌క్రీమ్‌ని మీరేమంటారురా అని అడిగాను. 'ఐ-స-క్రీమ్' అన్నాడు. మరి ఆ 'స' ఎక్కడినుంచి వచ్చింది అన్నాను. కాసేపు ఆలోచించాడు, ముఖం వెలిగిపోయింది. స్ వాడి నోట్లోనే ఉంది. పక్కన అచ్చు దొరికితే బయటికి వస్తోంది, లేకపోతే ఆగిపోతోంది.

నా పద్ధతంతా ఆ రోజు నుంచి దీని మీదే నడిచింది. థాయ్‌లో ఫల అన్న మాట ఒంటరిగా ఉంటే 'ఫొన్', కానీ పండుని 'ఫొన్‌లమాయ్' అంటారు, పక్కన అచ్చు రాగానే పోయిన ల్ తిరిగొచ్చింది. జల ఒంటరిగా 'ఛొన్', నీటిపారుదల 'ఛొన్‌లప్రథాన్'. రాజ ఒంటరిగా 'రాత్', రాజసీమ అంటే మాత్రం 'రాత్చసీమా'. ఇవి పిల్లలకి చూపించండి, ఇంగ్లీషు క్లాసులో థాయ్ గురించి చెప్తుంటే కళ్ళు విప్పార్చుకుని వింటారు. అప్పుడు చెప్పండి, చివరి శబ్దాన్ని పక్క మాటకి అంటించడమే కిటుకు అని. 'లైక్ ఇట్' ని విడివిడిగా చెప్తే 'లై' 'ఇత్', కలిపి చెప్తే 'లై-కిట్'. 'నైస్ ఐడియా' ని 'నై-సైడియా'. 'నైన్ ఎగ్స్' ని 'నై-నెగ్స్'. 'బిల్ ఈజ్' ని 'బి-లీజ్'. మొదటి మాట చివరి హల్లు ఎక్కడా అక్షరం చివర లేదు, రెండో మాట మొదటికి వచ్చేసింది, మొదట్లో పలకడం వాళ్ళకి వచ్చు. రెండు వారాలు ఇలా జంటగా పలికాక రెండో మాటని గుసగుసగా అనమనండి, ఆ తర్వాత మనసులోనే అనుకోమనండి. 'లైక్' అని పైకి చెప్పి 'ఇట్' లోపల. క్ నిలబడుతుంది. అందరికీ ఒకేసారి రాదు, కొందరికి నెల పడుతుంది, కంగారు పడకండి.

ల్‌కి మాత్రం ఇంకో పరీక్ష ఉంది, పిల్లలకి భలే ఇష్టం. న్‌కీ ల్‌కీ నాలుక కొస ఉండేది దాదాపు ఒకే చోట, పై పళ్ళ వెనక. తేడా గాలి పోయే దారిలో ఉంది, న్‌కి ముక్కులోంచి, ల్‌కి నాలుక పక్కలనుంచి. అందుకని ముక్కు మూసుకుని 'బిల్' అనమనండి. చివర శబ్దం ఆగిపోతే అది 'బిన్', సాగితే 'బిల్'. టీచరు చెప్పక్కర్లేదు, ఎవరి తప్పు వాళ్ళకే తెలుస్తుంది, ఎవరి ముఖమూ పోదు.

ప్, ట్, క్ దగ్గర పట్టుబట్టకండి. 'క్యాట్' లో ట్‌ని గాలి వదలకుండా ఆపేస్తే ఇంగ్లీషువాళ్ళూ తరచుగా అలాగే ఆపుతారు, అది తప్పు కాదు. అసలు ఇబ్బంది 'బ్యాక్', 'బ్యాగ్' ఒకటైపోవడం. ఇంగ్లీషులో గ్, బ్, డ్ ముందు అచ్చు కాస్త సాగుతుంది, క్, ప్, ట్ ముందు కురచ అవుతుంది. ఈ నిడివి తేడా థాయ్ పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య, వాళ్ళ భాషలో 'ఖావ్' అని సాగదీస్తే అన్నం, అదే స్వరంలో 'ఖవ్' అని కురచగా అంటే లోపలికి వెళ్ళడం. 'బ్యాగ్' లో అచ్చుని అన్నంలా సాగదీయండి అంటే చాలు, చివర గ్ సరిగ్గా పడకపోయినా వినేవాళ్ళకి అర్థమైపోతుంది.

చివరి శబ్దాలు కుదుటపడ్డాకే బహువచనం 'ఎస్', భూతకాలం 'ఈడీ' జోలికి వెళ్ళండి. థాయ్‌లో నామవాచకానికి బహువచన ప్రత్యయం లేదు, క్రియకి కాలాన్ని చెప్పే ప్రత్యయమూ లేదు, కాబట్టి ఇక్కడ వ్యాకరణం, ఉచ్చారణ రెండూ కలిసి అడ్డుపడతాయి. రాతలో సరిగ్గా రాసే పిల్ల మాటలో వదిలేసిందంటే అది గ్రామర్ తప్పని మార్కులు తీసేయకండి.

మిగతావి తొందరగా చెప్తాను. 'స్టేక్' ని 'సతేక్' అంటారు, స్‌తో మొదలయ్యే జంట హల్లులు వాళ్ళకి లేవు, పాములా స్‌ని పొడుగ్గా బుసకొట్టించి నేరుగా 'టేక్' లోకి దూకించండి, మధ్యలో 'అ' రానివ్వకండి. వి, జెడ్ శబ్దాలు లేవు, కానీ ఎఫ్, ఎస్ ఉన్నాయి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఎఫ్‌కి గొంతు కలిపితే వి, ఎస్‌కి గొంతు కలిపితే జెడ్. 'షాప్' ని 'చాప్' అంటారు, సాగదీయగలిగితే 'ష్', సాగకపోతే 'చ్' అని చెప్పండి. ఆర్ సంగతికొస్తే, అది వాళ్ళకి ఉంది, టీవీలో వార్తలు చదివేవాళ్ళు స్పష్టంగా పలుకుతారు, మామూలు మాటల్లోనే, మర్యాదకి చివర తగిలించే 'ఖ్రప్' ని 'ఖప్' అంటారు, పడవ ర ని కోతి ల గా మార్చేస్తారు (వాళ్ళ అక్షరమాలలో ర అంటే పడవ, ల అంటే కోతి). వార్తలు చదివే గొంతుతో చదవమంటే ఆ పట్టింపు వస్తుంది, నాలుక అదరకుండా వెనక్కి వంచితే ఇంగ్లీషు ఆర్ అవుతుంది. ఇక 'థ్'. భాషాశాస్త్రవేత్త జెన్నిఫర్ జెన్‌కిన్స్ 2000లో, వేర్వేరు దేశాలవాళ్ళు ఇంగ్లీషులో ఒకరికొకరు అర్థం కావాలంటే తప్పనిసరిగా కావాల్సిన శబ్దాల పట్టిక ప్రతిపాదించారు, అందులో 'థ్' లేదు. 'త్రీ', 'ట్రీ' తేడా సందర్భమే చెప్పేస్తుంది.

మాటలో ఒత్తు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. థాయ్‌లో బరువు మాట చివర పడుతుంది, అందుకే 'కంప్యూటర్' లో చివరి 'టర్' మీద దిగే స్వరం పెట్టి సాగదీస్తారు, 'టీచర్', 'కాఫీ', 'వాటర్' కూడా అంతే. చాలాసార్లు వినేవాళ్ళకి ఒక్క శబ్దం తేడా కంటే ఇదే ఎక్కువ అడ్డు కావచ్చు. అయితే చివర బరువు పడే హోటల్, పోలీస్, టుడే, ఎబౌట్ వాళ్ళకి సులువు, వాటితో మొదలుపెట్టండి. సంతని 'తలాత్' అంటారు కదా, అందులో 'త' ని ఎంత తేలిగ్గా అంటారో 'ఎబౌట్' లో 'ఎ' ని అంతే తేలిగ్గా అనమనండి. తర్వాత తిరగేయండి, 'టీ' పొడుగ్గా, పై స్వరం నుంచి కిందికి, 'చర్' కురచగా, చప్పగా. స్వరాలు వాళ్ళ సొంత ఆస్తి, ఒత్తు అని చెప్తే అర్థం కాని పిల్లలకి స్వరం అని చెప్తే వెంటనే తెలుస్తుంది.

ఇంకో విషయం, దీని గురించి మీకు ఎవరూ చెప్పరు. పిల్లాడు స్నేహితుల మధ్య 'ఐస్' అని స్ పలికితే 'దత్-చరిత్' అని ఏడిపిస్తారు. చరిత్ మన చరితమే, దత్ అంటే వంచడం, అంటే లేనిపోని పోకడలు పోతున్నాడని. క్లాసులో చక్కగా పలికినవాడు వరండాలోకి వెళ్ళగానే మళ్ళీ 'ఐ' అంటే అది మర్చిపోవడం కాదు, బతకనేర్చుకోవడం. నేను పిల్లలతో ముందే చెప్తాను, బయట బండి దగ్గర ఆంటీతో 'ఐతిమ్' అనండి, అది మంచి థాయ్, ఈ గదిలో మాత్రం 'ఐస్‌క్రీమ్'. రెండూ మీవే. 'థ్యాంక్యూ ఖా', 'గుడ్ మార్నింగ్ ఖ్రప్' అని చివర మర్యాద మాట తగిలిస్తే దిద్దకండి, అందులో ఉన్న గౌరవం మీకే.

చివరగా మీ టెన్షన్. మనకి ఇబ్బందులు ఉన్నాయి, తెలుసుకుంటే సరిపోతుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, కారు, బస్సు, గిఫ్టు. చివరి హల్లు వినిపించాలన్న తాపత్రయంలో 'గిఫ్టు', 'లైకు' అని ఒత్తి పలికితే పిల్లలు దాన్నే పట్టేస్తారు, ఒక తప్పు పోయి ఇంకోటి వస్తుంది, అద్దం ముందు 'టు' కాకుండా ట్ దగ్గర ఆపడం మీరు ముందు సాధన చేయండి. మనకి ఉన్నది ఒకటే వ, కాబట్టి వి, డబ్ల్యూ తేడా పిల్లలతోపాటు మీరూ నేర్చుకోండి, సిగ్గేం లేదు. 'పెన్', 'టీ', 'కార్' మొదట్లో ఇంగ్లీషువాళ్ళు గాలి వదులుతారు, మనం వదలం, థాయ్ పిల్లలు వదలగలరు. ప, ఫ రెండూ వాళ్ళకి వేర్వేరు అక్షరాలు, మీరు గాలి లేని 'పెన్' అంటే వాళ్ళ చెవికి అది వేరే అక్షరంలా పడుతుంది. ఇక్కడ వాళ్ళే మీకు గురువులు. వాళ్ళని అడిగి దిద్దించుకోండి, క్లాసులో వాతావరణమే మారిపోతుంది.

హోంవర్క్‌గా లైన్‌లో ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్ మీ ఒక్కరికే పంపమనండి, గ్రూపులో కాదు. మొదటివారం పంపినవి చెరిపేయకుండా దాచండి, పదో వారంలో ఎవరిది వాళ్ళకే వినిపించండి. ఈలోగా మీ రెండు క్లాసుల్లో ఏయే ఛ్యూ లెన్‌లు ఉన్నాయో ఇక్కడ రాయండి, ఏ పేరు పక్కన ఏ మాట అంటిస్తే చివరి శబ్దం బయటికి వస్తుందో ఒక్కోటీ చెప్తాను.